పసుపు గుర్తు పోయిన ఆదివారం

2023 నవంబర్ 18, శనివారం. ఒంగోలులో బస్సెక్కి, సీపీయూని ఒళ్ళో పెట్టుకుని తంగుటూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తంగుటూరు నుంచి కొండపి పోయే రోడ్డులో మాది చిన్న ఊరు. నేను ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను. ఎరువుల కొట్లు, ఒక సిమెంటు డీలరు, చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, అందరూ కలిపి పదకొండు మంది. ప్రతి నెలా 20వ తేదీలోపు వాళ్ళ జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, నేనే వేస్తాను.

ఆ నెల మధ్యలో నా కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీ, అంటే విండోస్ ఉండే డిస్క్, పోయింది. లెక్కలన్నీ రెండో హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు. ఒంగోలులో ఒక షాపులో ఇస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ 10 వేశారు. అక్కడి కుర్రాడు వేలెడంత వైఫై డాంగిల్ వెనకాల గుచ్చి, బ్రౌజర్ తెరిచి, "నెట్ వస్తోంది చూడండి మేడమ్" అని చూపించాడు. నేను సరేనని డబ్బులిచ్చాను. అతను డాంగిల్ పీకి తన డ్రాయర్లో వేసుకున్నాడు. అసలు సంగతి అక్కడే ఉందని నాకప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి రూటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్ పెట్టాను. నెట్ లేదు. కింద మూలన గ్లోబు బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. కేబుల్ పోయిందేమో అనుకుని రూటర్ దగ్గరికి వెళ్ళి చూస్తే నా కేబుల్ తాలూకు లైటు చక్కగా వెలుగుతోంది. ఫోన్లో వైఫై కూడా బాగానే వస్తోంది. అంటే ఇంట్లో నెట్ ఉంది, కేబుల్లో ఉంది, కంప్యూటర్ గడప దగ్గర ఆగిపోయింది.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న చాలా మంచిది. "అక్కా, కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు అని ఉంటుంది, అందులో ఏమైనా బొమ్మ ఉందా?" తెరిచి చూస్తే తెల్లగా ఖాళీ. ఈథర్‌నెట్, అంటే కేబుల్ మీద వచ్చే నెట్, అని ఒక బొమ్మ ఉండి దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉంటే కేబుల్‌ని అనుమానించాలట. అసలు బొమ్మే లేకపోతే, ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో విండోస్‌కి తెలియదని అర్థం. ఆ మాట తెలియజెప్పే ప్రోగ్రామే డ్రైవర్. కంప్యూటర్లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే "అదర్ డివైసెస్" కింద మూడు పసుపు గుర్తులు కనబడ్డాయి: ఈథర్‌నెట్ కంట్రోలర్, పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్, ఎస్‌ఎం బస్ కంట్రోలర్. మొదటిదాని మీద రెండుసార్లు నొక్కితే, ఈ పరికరానికి డ్రైవర్లు వేయలేదు, కోడ్ 28 అని ఉంది.

డ్రైవర్ నెట్‌లో దొరుకుతుంది. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్నట్టుంది వ్యవహారం. షాపుకి ఫోన్ చేస్తే, "రేపు ఆదివారం సెలవు, సోమవారం సీపీయూ తీసుకురండి" అన్నారు. సోమవారమే 20వ తేదీ.

ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందని మా ఆయన అన్నారు. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, అమ్మకాలే లేని నిల్ రిటర్నుకైతే 20. కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. పెద్ద మొత్తాలు కావు, నిజమే. కానీ ఈ పదకొండు మందీ నా దగ్గరికి వచ్చింది నేను తేదీ తప్పను అన్న నమ్మకం మీదే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఫోన్లోనే వేసేద్దామంటే లెక్కలన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కొత్త విండోస్ వేశాక ఆ టాలీ లైసెన్సు మళ్ళీ యాక్టివేట్ చేయాలన్నా నెట్టే కావాలి. తంగుటూరు వెళ్ళి ఎవరి కంప్యూటర్ మీదో కూర్చుని పదకొండు మంది పాస్‌వర్డులు కొట్టడం నాకు ఇష్టం లేదు. అది నా పాటికి నేను పెట్టుకున్న నియమం.

తమ్ముడు సులువైన దారే చెప్పాడు. "ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది. విండోస్ 10కి ఆ డ్రైవర్ ముందే తెలుసు. ఒక్కసారి నెట్ తగిలితే లాన్ డ్రైవర్ అదే తెచ్చుకుంటుంది." కలిపాను. ఫోన్ చార్జ్ అవుతోంది. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ మాత్రం బూడిద రంగులో ఉండిపోయింది, నొక్కినా కదలదు. ఇంట్లో ఉన్న రెండో కేబుల్ పెట్టినా అంతే. తమ్ముడు ఫొటో పంపమన్నాడు. ఒకటి పవర్ బ్యాంకుతో వచ్చింది, ఇంకోటి బస్టాండులో కొన్నది. రెండూ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు. వాటి లోపల కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ మా అమ్మాయి హాస్టల్‌కి తీసుకుపోయింది. రాత్రి తొమ్మిదింటికి మా ఊళ్ళో కేబుల్ అమ్మే కొట్టు ఏముంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్.

ఆదివారం పొద్దున మా ఆయన పొగాకు నాట్లకి కూలీలను తీసుకుని పొలం వెళ్ళారు. నేను ఎదురింటి పిల్లాడి దగ్గర ఓటీజీ ఉందని విని వెళ్ళి అడిగాను. ఫోన్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చుకునే చిన్న ముక్క అది. "తీసుకో అత్తా, మ్యాచ్ అయ్యేదాకా నాకు దాంతో పని లేదు" అన్నాడు. ఆ రోజు అహ్మదాబాద్‌లో ఇండియా-ఆస్ట్రేలియా వరల్డ్ కప్ ఫైనల్. మధ్యాహ్నం రెండింటికి మొదలైతే, వీధిలో ఒక్కడంటే ఒక్కడు బయట కనబడలేదు.

నా ఆలోచన ఏమిటంటే, డ్రైవర్ ఫోన్లోకి దించుకుని, ఓటీజీ మీద పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్‌కి పెట్టడం. పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఫోన్ ఈ డ్రైవ్ చదవలేనంది, ఫార్మాట్ చేయనా అని అడిగింది. నా వేలు ఆ బటన్ మీదికి పోయి ఆగింది. ఆ పెన్‌డ్రైవ్‌లోనే పదకొండు మంది టాలీ బ్యాకప్పులూ ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ పోయిన వారంలో బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ని చేజేతులా తుడిచేసుకోవడమా! ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాను.

తర్వాత తెలిసింది, పెన్‌డ్రైవ్ పాడవలేదు. దాన్ని ఎప్పుడో ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉన్నారు. కంప్యూటర్‌కి అది బాగానే ఉంటుంది గాని చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చదవలేవు. కంప్యూటర్‌కి నెట్ లేదు గాని మిగతావన్నీ పనిచేస్తున్నాయి కదా. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లోకి కాపీ చేశాను. రెండు వైపులా ఫైళ్ళు ఎన్ని ఉన్నాయో, సైజు ఎంతో సరిచూసుకున్నాను.  అప్పుడు పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను. ఈసారి ఫోన్ మారు మాట్లాడకుండా తీసుకుంది.

ఇక డ్రైవర్ వెతకాలి. నా మదర్‌బోర్డు 2021లో కొన్నది, బీ560 రకం. బిల్లు తీసి పేరు చూసి, ఫోన్లో బోర్డు తయారీ కంపెనీ సైట్‌కి వెళ్ళాను. అంతకు ముందు వెతుకులాటలో పైన వచ్చిన ప్రకటన ఒకటి నొక్కబోయాను కూడా. మీ డ్రైవర్లన్నీ మేమే చూసుకుంటాం అనే రకం. అలాంటివి చాలావరకు చిన్న ఫైలు ఇస్తాయి, దాన్ని కంప్యూటర్లో తెరిస్తే మిగతాది దించుకోవడానికి నెట్ ఉందా అంటాయి. నెట్ కోసమే కదా ఈ పాట్లన్నీ. పైగా అవి ఇంకేం తెచ్చి పెడతాయో చెప్పలేం. డ్రైవర్ కోసం బోర్డు కంపెనీ సైటుకో, చిప్ కంపెనీ సైటుకో తప్ప ఇంకెక్కడికీ వెళ్ళొద్దని నేను గట్టిగా చెబుతాను.

కంపెనీ సైటులో ఒకే కుటుంబంలో అన్నదమ్ముల్లా ఏడెనిమిది బోర్డులున్నాయి. పేరులో ఒక అక్షరమే తేడా. బిల్లు మీద ఆ అక్షరం ప్రింటు సరిగా పడలేదు. నేను తొందరలో నాదే అనుకుని ఒకటి ఎంచి లాన్ డ్రైవర్ దించాను. అది రియల్‌టెక్ చిప్‌ది. కంప్యూటర్లో తెరిచి సెటప్ నొక్కితే వచ్చిన సందేశం ఇదీ: రియల్‌టెక్ నెట్‌వర్క్ కంట్రోలర్ కనబడలేదు, డీప్ స్లీప్ మోడ్ ఉంటే కేబుల్ పెట్టండి.

ఆ రెండో ముక్క నన్ను గంటసేపు తిప్పింది. కేబుల్ పెట్టమంది కదా అని తీసి పెట్టడం, కంప్యూటర్ ఆపి వేయడం, రూటర్ ఆపి వేయడం. విండోస్ కంటే ముందు వచ్చే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి డీప్ స్లీప్ అనే మాట ఎక్కడుందా అని వెతకడం. అప్పుడే ఎదురింట్లో కేకలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కోహ్లీ అవుటయ్యాడట. వీధంతా చప్పుడు లేదు, నేనొక్కదాన్నే బల్ల కింద దూరి కేబుల్ నొక్కుతున్నాను.

ఆ మధ్యలో ఇంకో పొరపాటు దారి కూడా తొక్కాను. రెండో పసుపు గుర్తు పేరులో "కమ్యూనికేషన్స్" అని ఉంది కదా, నెట్‌వర్క్ అంటే ఇదేనేమో అనుకున్నాను. దానికీ నెట్‌కీ సంబంధం లేదు. అది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే వేరే భాగానిది. పేరు చూసి మోసపోకూడదు. మనకు కావాల్సింది ఈథర్‌నెట్ కంట్రోలర్. వైఫై కార్డయితే అదే చోట నెట్‌వర్క్ కంట్రోలర్ అని కనబడుతుంది.

ఇండియా 240కి ఆలౌటయ్యాక, ఇన్నింగ్స్ విరామంలో తమ్ముడు ఫోన్ చేశాడు. జరిగిందంతా విని, "అక్కా, బోర్డు పేరు వదిలెయ్. ఆ చిప్ తన పేరు తనే చెబుతుంది, దాన్నే అడుగుదాం" అన్నాడు.

ఈథర్‌నెట్ కంట్రోలర్ మీద కుడి బటన్, ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అక్కడ జాబితాలోంచి హార్డ్‌వేర్ ఐడీస్. నాలుగైదు వరుసలు వచ్చాయి. పొడుగాటి అక్షరాలూ అంకెలూ చూసి భయమేసింది. "అంతా అక్కర్లేదు, వెన్ పక్కన ఏముంది, డెవ్ పక్కన ఏముంది, ఆ రెండూ చదువు" అన్నాడు.

"వెన్ 8086. డెవ్ 15ఎఫ్ఏ."

"ఇంటెల్!" అన్నాడు వాడు వెంటనే. "రియల్‌టెక్ అయితే 10ఈసీ అని ఉండేది."

వెన్ (VEN) అంటే తయారీదారు సంఖ్య, డెవ్ (DEV) అంటే వాళ్ళు ఆ చిప్‌కి ఇచ్చిన సంఖ్య. ఇంటెల్‌కి 8086 అనే అంకె ఎందుకంటే, 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరే అది, దాన్నే తమ గుర్తుగా పెట్టుకున్నారని తమ్ముడు చెప్పాడు. ఆ రెండు ముక్కలు కలిపి ఫోన్లో వెతికితే క్షణంలో తేలింది: ఇంటెల్ ఐ219-వి. నేను దించిన రియల్‌టెక్ డ్రైవర్ నా కంప్యూటర్లో లేని చిప్ కోసం వెతికింది, కనబడలేదని నిజమే చెప్పింది. కేబుల్ పెట్టమనడం దాని మామూలు సలహా.

అయితే విండోస్‌కి ఈ చిప్ ఎందుకు తెలియలేదు? నేనడిగితే వాడు స్టార్ట్‌లో విన్‌వర్ (winver) అని కొట్టమన్నాడు. వెర్షన్ 1903 అని వచ్చింది. అంటే 2019 నాటి విండోస్. విండోస్ తను తయారైన నాటికి ఉన్న చిప్‌ల డ్రైవర్లు కొన్ని మూట కట్టుకుని వస్తుంది. తర్వాత పుట్టిన వాటి సంగతి దానికెలా తెలుస్తుంది. బీ560 బోర్డులు మార్కెట్‌లోకి వచ్చిందే 2021లో. షాపు వాళ్ళ దగ్గర పాత పెన్‌డ్రైవ్ ఉండి ఉంటుంది, దాంతోనే వేసేశారు. కుర్రాడి డాంగిల్ పాత రకం కాబట్టి విండోస్ దాన్ని గుర్తుపట్టింది, రెండు నిమిషాలు నెట్ వచ్చింది.

ఈసారి బోర్డు సైటులో ఐ219 ఉన్న బోర్డు ఏదో చూసుకుని, విండోస్ 10 అరవై నాలుగు బిట్లకి ఉన్న లాన్ డ్రైవర్ జిప్ దించాను. ముప్పై రెండు బిట్ల విండోస్‌కి ఇచ్చేది వేరు. అది ఇందులో ఎక్కదు. ఓటీజీ మీద పెన్‌డ్రైవ్‌కి, అక్కడి నుంచి కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదికి.

ఇక్కడ తమ్ముడు చూపించిన పని ఒకటుంది, నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. జిప్ విప్పితే లోపల ఫోల్డర్లు, ఆ ఫోల్డర్లలో ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ అనే మూడు రకాల ఫైళ్ళు ఉన్నాయి. అసలు డ్రైవర్ సిస్ ఫైలు. క్యాట్ అనేది ఆ ఫైళ్ళను తర్వాత ఎవరూ మార్చలేదని విండోస్ సరిచూసుకునే సంతకం. ఐఎన్ఎఫ్ మాత్రం మామూలు అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఈ డ్రైవర్ ఏయే చిప్‌లకి పనికొస్తుందో అందులో వరసగా రాసి ఉంటుంది. తెరిచి కంట్రోల్ ఎఫ్ నొక్కి 15ఎఫ్ఏ అని వెతికాను. నీలం రంగులో మెరిసింది. వెన్ 8086, డెవ్ 15ఎఫ్ఏ, నా చిప్ నంబరు. మధ్యాహ్నం దించిన రియల్‌టెక్ దాన్లో కూడా తెరిచి చూశాను, వరస వరసంతా 10ఈసీలే, 8086 అన్నది ఒక్కటీ లేదు. ఈ చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే నాకు ఆ గంట మిగిలేది.

డివైస్ మేనేజర్లో ఈథర్‌నెట్ కంట్రోలర్ మీద కుడి బటన్, అప్‌డేట్ డ్రైవర్. రెండు దారులు చూపిస్తుంది. మొదటిది తనే నెట్‌లో వెతుకుతుంది, అది మనకి పనికిరాదు. రెండోది, నా కంప్యూటర్లో వెతుకు అనేది. అక్కడ ఫోల్డర్ చూపించాలి, కింద "సబ్‌ఫోల్డర్లు కూడా" అన్న చోట టిక్ ఉండాలి. మొదటిసారి పొరపాటున జిప్ ఉన్న ఫోల్డర్నే చూపించాను, ఏమీ దొరకలేదంది. జిప్ కట్టి ఉన్నంతసేపు విండోస్ దాని లోపలికి చూడదు. విప్పిన ఫోల్డర్ని చూపించి నెక్స్ట్ నొక్కాను.

ఆకుపచ్చ గీత నిదానంగా పాకింది. స్క్రీన్ ఒక్కసారి రెపరెపలాడింది. జాబితా దానంతటదే సర్దుకుంది. పసుపు గుర్తులు మూడు కాస్తా రెండయ్యాయి. పైన "నెట్‌వర్క్ అడాప్టర్స్" అని కొత్త వరస పుట్టి, దాని కింద ఇంటెల్ ఈథర్‌నెట్ కనెక్షన్ ఐ219-వి అని పేరు. కింద మూలన గ్లోబు మాయమై చిన్న కంప్యూటర్ బొమ్మ వచ్చింది. ఫోన్లో తమ్ముడు వింటూనే ఉన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "వచ్చిందిరా" అన్నాను, అంతకు మించి మాట రాలేదు. రాత్రి ఎనిమిదిన్నర దాటింది. ఎదురింట్లో టీవీ ఉంది గాని మనుషుల చప్పుడు లేదు. అప్పటికే మ్యాచ్ చేజారిపోతోందట.

ఆ రాత్రి కంప్యూటర్‌ని ఆపకుండా వదిలేశాను. మిగిలిన రెండు పసుపు గుర్తులకీ కావాల్సినవి విండోస్ అప్‌డేట్ తనే తెచ్చుకుంది. తెల్లవారితే కార్తీకమాసం మొదటి సోమవారం. దీపం పెట్టుకుని ఆరింటికల్లా కూర్చున్నాను. మధ్యాహ్నానికి తొమ్మిది రిటర్నులు వేశాను. పాలిషింగ్ యూనిట్ ఆయన శివాలయంలో ఉండి ఓటీపీ ఆలస్యంగా చెప్పారు. చివరిది సాయంత్రం అయిదు నలభైకి వెళ్ళింది. పదకొండూ తేదీలోపే.

ఆ తర్వాత చేసిన పనులు రెండు రాస్తాను, ఎవరికైనా అవసరం పడతాయి. మొదటిది, వేసిన డ్రైవర్లన్నీ దాచిపెట్టడం. డి డ్రైవ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పీఎన్‌పీ యుటిల్ అనే కమాండ్‌తో ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అని, స్టార్ గుర్తు పెట్టి (pnputil /export-driver *), ఆ ఫోల్డర్ దారి ఇస్తే చాలు. విండోస్‌తో రాకుండా మనం తర్వాత వేసిన డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్లోకి వచ్చేస్తాయి. మళ్ళీ విండోస్ వేసిన రోజు ఆ ఫోల్డర్ని చూపిస్తే అయిపోతుంది. కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడే చేసుకోవాల్సిన పని ఇది. విండోస్ వేయడానికి షాపులో ఇచ్చేముందు చేయించుకున్నా మంచిదే. నేనైతే ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకున్నాను, టాలీ బ్యాకప్పుల పక్కనే.

రెండోది, తంగుటూరు వెళ్ళి మంచి డేటా కేబుల్ కొన్నాను. కొట్టులోనే ఫోన్‌కీ వాళ్ళ కంప్యూటర్‌కీ కలిపి, ఫోన్లోని ఫొటోలు కనబడ్డాకే డబ్బులిచ్చాను. ఇంటికొచ్చి లాన్ కేబుల్ పీకేసి యూఎస్‌బీ టెథరింగ్ కూడా పరీక్షించాను. మొబైల్ డేటా ఆపేసి, ఫోన్‌ని ఇంటి వైఫైలోనే ఉంచి చేస్తే కూడా కంప్యూటర్‌కి నెట్ వచ్చింది. మా వీధిలో సిగ్నల్ ఒక గీతకి మించి ఉండదు, అందుకే అది నాకు పెద్ద ఊరట. ఆ శనివారం రాత్రి ఈ కేబుల్ ఒక్కటి ఇంట్లో ఉండి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

ఓటీజీ పిల్లాడికి తిరిగిచ్చేశాను. నాకోసం ఒకటి తెప్పించుకున్నాను. కేబుల్, ఓటీజీ, పెన్‌డ్రైవ్ మూడూ బల్ల సొరుగులో ఒకే డబ్బాలో ఉంటాయి. సీపీయూ పక్కన తెల్ల కాగితం మీద బోర్డు పూర్తి పేరు, ఆ ఒక్క అక్షరంతో సహా, దాని కింద 8086, 15ఎఫ్ఏ అని రాసి టేపు వేశాను.